కడిగిన నాణేలు

అమెరికాలోని ప్లేనోలో కూతురు రాగిణి ఇంటికి వచ్చిన రెండో వారంలోనే ధర్మారావుకు పక్కింటి కోస్టాస్‌తో స్నేహం కుదిరింది. ఎండ ముదరకముందే నడకకు బయల్దేరేది ఆ వీధి మొత్తానికి వాళ్లిద్దరే. ధర్మారావు తెనాలిలో ముప్ఫై రెండేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కోస్టాస్‌కు ఎనభై నాలుగేళ్లు. గ్రీసులో పుట్టి, వయసులో ఉండగా అమెరికా వచ్చి, విమానాల్లో ఉండే మీటర్లు బాగుచేస్తూ బతికాడు. భార్య పోయి నాలుగేళ్లయింది. ఒక్కగానొక్క కూతురు ఎలెని హ్యూస్టన్‌లో ఉంటుంది. ఈ స్నేహితులిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా ధర్మారావు అలవాటు కొద్దీ అతని పేరు చివర గారు తగిలించేవాడు. ఆ మాటకు అర్థం తెలిశాక కోస్టాస్‌కు అది తెగ నచ్చింది. బదులుగా అతను ధర్మారావును ప్రొఫెసర్ అనేవాడు. తెనాలిలో తననెవరూ అలా పిలవలేదు. ధర్మారావు ఆ మాటను సరిదిద్దలేదు.

జూన్‌లో ఒకరోజు కోస్టాస్ అతన్ని ఇంట్లోకి పిలిచి తన నాణేలు చూపించాడు. చెక్క పళ్లెం, లోపల ఆకుపచ్చ మఖమలు, అందులో ముప్ఫై ఒక్క గుంటలు. తన దేశం డబ్బు కథంతా ఆ గుంటల్లో వరసగా ఉందని చెప్పాడు. నాణేలు రాకముందు ఇనప చువ్వలే డబ్బట. ఒక్కో చువ్వ ఒక ఒబోల్. ఆరు చువ్వలు పట్టుకుంటే గుప్పిలి నిండుతుంది, ఆ గుప్పెడే ద్రాక్మా. మొదటి గుంటలో చొక్కా బొత్తాం కన్నా చిన్నదైన వెండి ఒబోల్ ఉంది. దాని పక్కన ఒకవైపు దేవత, మరోవైపు గుడ్లగూబ ఉన్న ఏథెన్స్ నాణెం. తరువాత సింహం తోలు కప్పుకున్న వీరుడి తలతో అలెగ్జాండర్ నాణెం. ఆ తరువాత బైజాంటైన్ చక్రవర్తుల రాగి బిళ్లలు, టర్కీ సుల్తానుల కాలం నాటి పల్చని పరా. ఒక్కోదాని ముందూ ఆగి, అది చెల్లిన రోజుల్లో మనుషులు ఏం తిన్నారో, ఎవరికి పన్ను కట్టారో చెప్పుకుంటూ పోయేవాడు.

అలెగ్జాండర్ సైన్యాల వెనక వచ్చిన గ్రీకు రాజుల చేతుల మీదుగా ద్రాక్మా మీ దేశానికీ వచ్చింది తెలుసా అని అడిగాడు. అక్కడ ద్రమ్మ అయింది, ఆ పైన దామ్ అయిందట. ధర్మారావు ఒక్క క్షణం ఆలోచించి, మా భాషలో దమ్మిడీ అనే మాట ఉంది, దేనికీ కొరగాని డబ్బుని అలా అంటాం అన్నాడు. కోస్టాస్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. వాళ్ల పెద్దవాళ్లు కూడా యుద్ధం చివరి రోజుల్లో ద్రాక్మా గురించి అదే మాట అనేవారట.

ఆ రోజు నుంచి నడక అయ్యాక కోస్టాస్ ఇంట్లో కాఫీ తాగడం, ఒక నాణెం కథ వినడం ధర్మారావుకు దినచర్య అయింది. అన్నిటికన్నా కోస్టాస్ ఎక్కువగా చెప్పేది ఫీనిక్స్ గురించి. టర్కీ నుంచి విడిపోయాక 1828లో గ్రీసు వేసుకున్న మొదటి సొంత డబ్బు అది. నాలుగేళ్లకే దాన్ని తీసేసి మళ్లీ ద్రాక్మా తెచ్చారు. కోస్టాస్ దగ్గర ఉన్నది రాగిది, రెక్కలు చాపిన పక్షి బొమ్మ, నల్లగా ఉండేది. 1941 చలికాలంలో ఊరంతా ఆకలితో మాడుతుంటే అతని తల్లి ఉంగరాలు అమ్మింది, దుప్పట్లు అమ్మింది, ఆ ఒక్క నాణెం మాత్రం లంగా అంచులో కుట్టి దాచుకుంది. పళ్లెం కింది అరలో నోట్లుండేవి. 1944 నాటి పదివేల కోట్ల ద్రాక్మాల నోటు ఒకటి. అలాంటి నోట్లు సంచీలో వేసుకుని రొట్టె కోసం వెళ్లి, రొట్టె లేకుండా తిరిగొచ్చిన తల్లి ముఖం తనకు గుర్తుందన్నాడు. అప్పటికి అతనికి నాలుగేళ్లు. 2002లో యూరో వచ్చాక మిగిలిన ద్రాక్మా నోట్లు మార్చుకోవడానికి పదేళ్లు గడువిచ్చారట. అతను మార్చుకోలేదు. మార్చుకుంటే కథ తెగిపోతుంది కదా ప్రొఫెసర్ అన్నాడు.

జులైలో కోస్టాస్ పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోయాడు. పొగ చూసి వీధి చివరివాళ్లు ఫోన్ చేస్తే ఫైరింజన్ వచ్చింది. నష్టమేమీ జరగలేదు గానీ ఎలెని భయపడింది. నాన్న ఒంటరిగా ఉండకూడదని, హ్యూస్టన్‌లో పెద్దవాళ్లను చూసుకునే చోటు ఒకటి ఉందని అప్పటినుంచే పోరు మొదలుపెట్టింది. ఆగస్టు చివర వచ్చి, తండ్రిని మోకాలి ఆపరేషన్‌కి తనతో హ్యూస్టన్ తీసుకెళ్లింది. వెళ్తూ కోస్టాస్ ఇంటి తాళంచెవి ధర్మారావు చేతిలో పెట్టి, టమాటా మొక్కలకూ తులసిలాంటి ఆ బేసిల్ మొక్కలకూ నీళ్లు పొయ్యమన్నాడు. అక్టోబరులో తమ చర్చి పండుగలో నాణేలు ప్రదర్శనకు పెట్టాలి, తిరిగొచ్చాక వాటిని సిద్ధం చేయాలి అని కూడా అన్నాడు.

సిద్ధం చేయడం అనే మాట ధర్మారావు బుర్రలో నిలిచిపోయింది.

నీళ్లు పోయడానికి వెళ్లినప్పుడల్లా పళ్లెం మూత తీసి చూసేవాడు. వెండి మీది ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్ అని తొమ్మిదో తరగతి పిల్లవాడైనా చెప్తాడు. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్లు చాలు, పది నిమిషాల పని. రాగికి చింతపండును మించింది లేదు. ముసలాయన మోకాలు పట్టుకుని ఆ చాకిరీ చేసుకునే బదులు, తాను చేసిపెడితే ఇంటికి రాగానే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాడు. ముప్ఫై రెండేళ్లు పిల్లలకు చెప్పిన చదువు ఈ దేశంలో ఒక్క మనిషికైనా పనికొస్తుందన్న ఆశ కూడా అందులో లేకపోలేదు.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఉదయం భార్య గిరిజ వంటింట్లోంచి గుప్పెడు చింతపండు తీసుకున్నాడు. ఎందుకండీ అని ఆమె అడిగితే పనుంది అన్నాడు. కోస్టాస్ వంటింట్లో గాజుగిన్నె అడుగున రేకు పరిచి, నీళ్లు కాచి పోశాడు. సోడా పొంగింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన సన్నగా లేచింది. తన పాత ల్యాబ్ వాసన అది, ధర్మారావుకు ప్రాణం లేచొచ్చినట్టయింది. గుడ్లగూబ తెల్లగా బయటికొచ్చింది. రాగి బిళ్లలన్నీ చింతపండు గుజ్జుతో తోమాడు. ఫీనిక్స్ నలుపు ఒక పట్టాన వదల్లేదు, దాన్ని మాత్రం మూడుసార్లు రుద్దాడు. చివరికి కొత్త చెంబులా గులాబీ రంగు తేలింది. అన్నీ తుడిచి ఎక్కడివక్కడ పెట్టేసి, గిన్నె కడిగి, ఇంటికొచ్చి కడుపునిండా భోంచేశాడు.

పది రోజుల తరువాత ఎలెని తండ్రిని తీసుకొచ్చింది. ధర్మారావు తాళంచెవి ఇవ్వడానికి వెళ్లాడు. నాణేల మాట తాను ఎత్తకుండా, వాళ్లంతట వాళ్లు చూసేదాకా ఆగాలని ముందే అనుకున్నాడు. ఎలెని తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపు ఊసుపోతుందని పళ్లెం తెచ్చి ఒళ్లో పెట్టింది. కోస్టాస్ మూత తీశాడు.

ఫీనిక్స్‌ను వేళ్లతో పైకి తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అతని కింది పెదవి అదరడం ధర్మారావు చూశాడు. అది సంతోషం కాదని అర్థమయ్యేసరికి నోటిదాకా వచ్చిన మాట లోపలే ఆగిపోయింది.

"కడిగేశారు," అన్నాడు కోస్టాస్. "పాత నాణేన్ని ఎవరూ కడగరు. ఆ నలుపు మా అమ్మ చేతిది. అంతకు ముందు వాళ్ల అమ్మ చేతిది."

ఎలెని వంగి చూసింది. ఒక్కటీ పోలేదు, ఒక్కటీ చోటు మారలేదు. దొంగలెవరూ కడిగి పెట్టి వెళ్లరు కదా. ఆమె చూపు నెమ్మదిగా తండ్రి మీదికి తిరిగింది. వెళ్లేముందు పండుగకు వీటిని సిద్ధం చేయాలన్నారు కదా నాన్నా, ఆపరేషన్‌కి ముందు ఇక్కడ ఆ నొప్పి మాత్రలు వేసుకున్న రోజుల్లో మీరే చేశారేమో అని మెల్లగా అడిగింది. కోస్టాస్ లేదన్నాడు. మళ్లీ లేదన్నాడు. రెండోసారి గొంతులో అంత గట్టితనం లేదు.

అప్పుడు ఎలెని ధర్మారావు వైపు తిరిగి, మేం లేనప్పుడు ఇంటికి ఎవరైనా వచ్చారా అంకుల్ అని అడిగింది. రాగిణి స్నేహితుల దగ్గర నేర్చుకుందో ఏమో, ఆమె కూడా అతన్ని అంకుల్ అనే పిలిచేది.

"ఎవరూ రాలేదమ్మా," అన్నాడు ధర్మారావు.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. ఇంకో మాటతో దాన్ని సరిచేసుకునే వ్యవధి ఉంది. కోస్టాస్ తల వంచుకుని, అయితే నేనే అయ్యుంటాను అనే వరకూ ఉంది. ఆ తరువాత కూడా ఉంది. ధర్మారావు తాళంచెవి బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాడు.

రాగిణికి చెప్పాడు. ఆమె ఆఫీస్ కాల్ మధ్యలో మ్యూట్ చేసి విన్నది.

"నాన్నా, ప్లీజ్, ఇప్పుడేమీ మాట్లాడకండి. అవి ఎంత కాస్ట్లీయో మనకి తెలీదు. ఇక్కడ చిన్నదానికి కూడా స్యూ చేసి కోర్టుకి లాగుతారు. మీరేమో విజిటర్ వీసా మీద ఉన్నారు. నవంబర్‌లో ఎలాగూ వెళ్లిపోతారు కదా."

ఆమె భయపడి అన్నది, కొంత నిజమే అయ్యుండొచ్చు కూడా. కానీ తాను దాన్ని ఎంత ఆత్రంగా పట్టుకున్నాడో ధర్మారావుకు తెలుసు. కూతురు వద్దంది, అందుకే ఆగాను అని తనకు తాను చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది. కాలేజీలో బ్యూరెట్ పగలగొట్టి దాచిన కుర్రాళ్లను అతను ల్యాబ్ బయట నిలబెట్టేవాడు. పగలగొట్టినందుకు కాదురా, దాచినందుకు అనేవాడు. ఆ కుర్రాళ్ల ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

గిరిజను ఎవరూ అడగలేదు, ఆమె కూడా ఏమీ అడగలేదు. చింతపండు సంగతి ఆమెకు తెలుసు. అన్నం వడ్డించి, అతను కలుపుకుంటూ తినకుండా కూర్చుంటే చూస్తూ ఉండేది.

మోకాలు కాస్త కుదుటపడ్డాక కోస్టాస్ చేతికర్రతో మళ్లీ నడకకు వచ్చాడు. మనిషి మారిపోయాడు. మధ్యలో హ్యూస్టన్ తీసుకెళ్లి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించారట. ఆ రోజు తారీఖు ఏమిటని అడిగితే కంగారులో చెప్పలేకపోయానన్నాడు. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంట్ వచ్చేవారం వస్తున్నాడన్నాడు. జేబులోంచి చీటీలు తీసి చూసుకునేవాడు: తలుపు వేశాను, మాత్ర వేసుకున్నాను, ఎలెనికి ఫోన్ చేశాను.

"గిన్నె మరిచిపోవడం వేరు ప్రొఫెసర్," అన్నాడు ఒకరోజు. "ముప్ఫై ఒక్క నాణేలు ఒక్కొక్కటే కడిగి, తుడిచి, చోటు తప్పకుండా పెట్టి, ఆ పనంతా మరిచిపోయానంటే ఇక నా లోపల ఉన్నది నేనేనా?"

ధర్మారావు రోడ్డు కేసి చూస్తూ నడిచాడు.

కోస్టాస్ ఒక సాయం అడిగాడు. రోజూ నడుస్తున్నప్పుడు తనను నాణేల వరస అడగాలి. ఒక్కటి తప్పినా చెప్పాలి. నువ్వు టీచరువి, నీకు దాక్షిణ్యం ఉండదు, అందుకే నిన్ను అడుగుతున్నాను అన్నాడు. కాదనడానికి ధర్మారావుకు నోరు రాలేదు. ఆ మర్నాటి నుంచి అతను పరీక్షాధికారి అయ్యాడు. కోస్టాస్ చిన్నపిల్లాడిలా అప్పజెప్పేవాడు: ఒబోల్, గుడ్లగూబ, అలెగ్జాండర్, రోమ్, బైజాంటైన్, పరా, ఫీనిక్స్, జర్మనీ నుంచి తెచ్చి కూర్చోబెట్టిన కుర్రరాజు ద్రాక్మా, మధ్యలో చిల్లున్న అల్యూమినియం బిళ్ల, యూరో. కరెక్ట్ అని ధర్మారావు అన్నప్పుడల్లా ముసలాయన ముఖం వెలిగేది. ఆ వెలుగు చూడలేక ధర్మారావు బూటు లేసు కట్టుకునే నెపంతో వంగేవాడు.

ఒకరోజు అన్నం దగ్గర గిరిజ నోరు విప్పింది.

"మీరు చెప్పకపోతే నేను చెప్తాను. నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్తాను. ఆ పెద్దాయన నిన్న చెత్తబుట్ట బయటపెట్టి, పెట్టానా లేదా అని మూడుసార్లు వచ్చి చూసుకున్నాడండీ. నేను కిటికీలోంచి చూశాను."

అయినా అతను ఆ రోజు చెప్పలేదు. రేపు అనుకున్నాడు.

మర్నాడు కోస్టాస్ వరస చెప్తూ బైజాంటైన్ దగ్గర ఆగిపోయాడు. తరువాతది రావడం లేదు. చేతికర్ర మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు. ధర్మారావు అందించబోతే వద్దని చెయ్యి ఊపాడు. నుదుటి మీద చెమట పట్టింది. స్కూల్ బస్సు పక్కనుంచి వెళ్లిపోయింది. నాలుగు వందల ఏళ్లు ప్రొఫెసర్, నాలుగు వందల ఏళ్లు మా నెత్తిన కూర్చున్నవాళ్ల డబ్బు, దాని పేరు పోయింది అంటూ వెతుక్కుంటున్నాడు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"కోస్టాస్ గారూ," అన్నాడు ధర్మారావు. "నాణేలు కడిగింది మీరు కాదు. నేను."

ముసలాయనకు ఆ మాట ఒకంతట అందలేదు. ధర్మారావు మళ్లీ చెప్పాడు. అల్యూమినియం రేకు, సోడా, చింతపండు, ఏ రోజు, ఏ గిన్నెలో, ఫీనిక్స్‌ను మూడుసార్లు రుద్దడం కూడా చెప్పాడు. మీరు సంతోషిస్తారనుకున్నాను అనే మాట నాలుక మీదికి వచ్చింది గానీ దాన్ని మింగేశాడు.

"అయితే నేను కాదు," అన్నాడు కోస్టాస్.

"మీరు కాదు."

"నేను కాదు." ఎవరింటి ముందుదో చిన్న ఇటుక గోడ ఉంటే దాని మీద కూర్చున్నాడు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఒక్క క్షణం అతని ముఖంలో నవ్వులాంటిది వచ్చింది. ఆ తరువాత అది పోయింది. "ఎలెని నిన్ను అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను."

"అవును."

"ఎవరూ రాలేదన్నావు."

"అన్నాను."

"రోజూ నాతో నడిచావు. నేను వరస చెప్తుంటే కరెక్ట్ అన్నావు."

ధర్మారావు తల వంచుకున్నాడు. కోస్టాస్ కర్ర ఊతంతో లేచాడు. సాయం పట్టబోతే భుజం వెనక్కి లాక్కున్నాడు. కాలు ఈడ్చుకుంటూ ఒంటరిగా ఇంటికి వెళ్లిపోయాడు. ధర్మారావు చాలా దూరం వెనక నిలబడి, ఆయన తలుపు తీసుకుని లోపలికి వెళ్లేదాకా చూశాడు.

ఆ మధ్యాహ్నమే కోస్టాస్ ఫోన్ చేసి రమ్మన్నాడు. ఎలెని లైన్‌లో ఉంది. నాకు చెప్పిందంతా ఆమెకు చెప్పు అన్నాడు. ధర్మారావు నిలబడే చెప్పాడు. పరీక్ష నుంచి తిరిగొస్తూ మా నాన్న కార్లో ఏడ్చారు, ఆయన ఏడవడం నేను చూడ్డం అది రెండోసారి అంది ఎలెని. మొదటిసారి ఎప్పుడో చెప్పలేదు. తరువాత, చెప్పినందుకు థాంక్స్ అని మర్యాదగా అని, నాన్నతో మాట్లాడాలి ఫోన్ ఆయనకివ్వండి అంది. ఆ మర్యాద ధర్మారావుకు తిట్టుకన్నా గట్టిగా తగిలింది. ఈసారి ఆమె అంకుల్ అనలేదు. స్యూ చేస్తానని మాత్రం ఎవరూ అనలేదు. ఇంటి ఏజెంట్‌ను ప్రస్తుతానికి రావద్దన్నారు.

చర్చి పండుగకు నాణేలు పెట్టాలా వద్దా అని కోస్టాస్ చాలా ఆలోచించాడట. చివరికి పెడతానని కబురు చేసి, పళ్లెం పక్కన ఉంచడానికి ఒక అట్టముక్క రాసివ్వమన్నాడు. ఈ నాణేలను ఈ సెప్టెంబరులో ఒక పొరుగువాడు కడిగాడు అని రాయి, పేరు అక్కర్లేదు అన్నాడు. ధర్మారావు బోర్డు మీద రాసే గుండ్రటి అక్షరాలతో ఇంగ్లీషులో ఆ వాక్యం రాసి, పొరుగువాడి పేరు కూడా రాశాడు. పండుగనాడు గిరిజతో కలిసి వెళ్లి దూరంగా నిలబడ్డాడు. జనం వంగి అట్ట చదివేవారు, నాణేలు చూసేవారు, కొందరు అయ్యో అన్నట్టు తల ఊపేవారు. కోస్టాస్ ఒక్కొక్కరికీ మొదటినుంచీ కథ చెప్తున్నాడు. పరా పేరు చెప్పడం ధర్మారావుకు వినిపించింది. దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

ఆ తరువాత నడకలు కలిసి సాగలేదు. కోస్టాస్ ఒక గంట ఆలస్యంగా బయల్దేరేవాడు. ఎదురుపడితే కర్ర ఎత్తి పలకరించేవాడు, అంతే.

నవంబరులో ప్రయాణానికి రెండు రోజుల ముందు ధర్మారావు చెప్పి వద్దామని వెళ్లాడు. కోస్టాస్ తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు. కాఫీ పెట్టాడు. విమానం ఎక్కడ మారాలి, మొత్తం ఎన్ని గంటలు అని అడిగాడు. మా ఊళ్లో ఇప్పుడు చలి మొదలైవుంటుంది అన్నాడు ధర్మారావు. పళ్లెం అల్మారాలో ఉంది, దాని మాట ఇద్దరూ ఎత్తలేదు. కప్పు సగమయ్యాక కోస్టాస్ తనంతట తాను చెప్పాడు. కిందటి వారం మళ్లీ పరీక్ష చేశారు, వయసుకు తగ్గట్టే ఉంది, భయపడాల్సింది ఏమీ లేదన్నారు.

"చాలా సంతోషం కోస్టాస్ గారూ."

"బాగానే వస్తుందని నాకు తెలుసు. నువ్వు చెప్పావు కదా, నేను కాదని." కప్పును సాసరులో పెట్టాడు. "అయినా ఆ కాగితం చేతికి వచ్చేదాకా నా చెయ్యి వణికింది ప్రొఫెసర్. నాణేల సంగతి వదిలెయ్. వాటిని అంతకన్నా ఎక్కువ బాధలు పెట్టినవాళ్లున్నారు. ఈ వణుకు మాత్రం ఎప్పుడు పోతుందో నాకు తెలీదు."

ధర్మారావు మిగిలిన కాఫీ తాగాడు. గుమ్మం దగ్గర కోస్టాస్ చెయ్యి చాచాడు. ధర్మారావు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, వదలాల్సిన సమయానికి వదిలాడు.

ఇంట్లో గిరిజ సూట్‌కేసులు సర్దుతోంది. ఏమన్నారు అని అడిగింది. పరీక్ష బాగా వచ్చిందట అన్నాడు ధర్మారావు. ఆమె ఇంకా ఏదో ఉందన్నట్టు చూసింది. అతను వంగి పెట్టె పిడికి తూకం కొక్కెం తగిలించి, బరువు చూడమని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.